మల్లప్ప దగ్గు మీద శ్రోతల అభిప్రాయం

రేడియోలో ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే ఎవరైనా ముందు అడిగేది, "మీ గొంతు మేం ఎప్పుడైనా విన్నామా?" అని. వినలేదు. నా గొంతు ఒక్కరోజు కూడా రేడియోలో రాలేదు. నేను శ్రోతల అభిప్రాయాలు సేకరించే విభాగంలో ఉండేదాన్ని. భుజాన సంచీ వేసుకుని ఊరూరా తిరిగి, మేం వినిపించేవి జనం వింటున్నారా, వింటే ఏమనుకుంటున్నారు అని కనుక్కుని రావడం నా పని. డెబ్బైల్లో వికారాబాద్, తాండూర్ వైపు నాకు అప్పగించారు. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం తిప్పుతారా అని ఇంట్లో గొడవైంది. పాసింజరు రైలుంది, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేస్తానని నచ్చజెప్పాను. చాలాసార్లు మర్నాటికి గానీ రాలేదు, అది వేరే సంగతి.

మా చెల్లెలి మనవరాలు ఈమధ్య ఒక కంపెనీలో చేరింది. ఫోన్లో నవలలు చదివి వినిపిస్తారట. విన్నవాళ్ళు ఏమంటున్నారో చూసి పైవాళ్ళకు చెప్పడం దీని పని. "అమ్మమ్మా, నువ్వూ ఇదే చేశావటగా, ఏదైనా చెప్పు" అంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. చెప్పడానికే మనసొప్పలేదు ఇన్నాళ్ళూ. ప్రమోషన్లు, బదిలీలు, మా ఆఫీసులో ఎవరికి ఎవరంటే పడదు, ఇవన్నీ వదిలేస్తున్నాను. ఒక్క మనిషి గురించి రాస్తాను.

బాగుందా అని అడగకూడదు

కొత్తలో నేను "ప్రోగ్రాము బాగుందా?" అని అడిగేదాన్ని. "బాగున్నది" అనేవాళ్ళు. ఇంటికి వచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని అలా అనేవాళ్ళు. రేడియో చెడిపోయి ఆర్నెల్లయిన ఇంట్లో కూడా బాగున్నదన్నారు. పెద్దేముల్ దగ్గర ఒకావిడ బాగున్నదని చెప్పి చాయ్ ఇచ్చి, నేను లేవబోతుంటే, "ఇంతకు ఏ ప్రోగ్రాం గురించి అడుగుతున్నవమ్మా?" అంది. అప్పుడు బుద్ధొచ్చింది. బాగుందా అని కాదు, ఏం జరిగింది అని అడగాలి. విన్నవాడు కథ చెప్తాడు, విననివాడు పొగుడుతాడు.

ఆ రోజుల్లో మాకు కొత్తగా ఒక టేపు రికార్డరు ఇచ్చారు. ఇటుకల సంచీ అంత బరువు. శ్రోతల మాటలు వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి తెమ్మన్నారు. ఆఫీసులో తప్ప బయట ఎక్కడా వినిపించం అని ముందే చెప్పి రికార్డు చేయాలి, అది నిబంధన.

తాండూర్‌లో బండల గనులున్నాయి. ఇళ్ళలో నేలకు పరిచే నాపరాళ్ళు అక్కడివే. గనుల బస్తీలో మల్లప్ప అనే ఆయన రికార్డరు ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో, రాతిపొడికి జుట్టంతా బూడిదరంగు, ఎండిన చేతులు. మాటల్లో మధ్యమధ్య కన్నడం దొర్లేది. పొలం పనుల కార్యక్రమం వింటారా అని అడిగాను.

"ఇంట. రోజు ఇంట. ఎవుసం చేసెటోళ్లకు రోజు ఏదో ఒకటి చెప్తనే ఉంటరు. ఎరువు ఎంతెయ్యాలె, పురుగుకు ఏం కొట్టాలె. బండలు కొట్టెటోళ్లకు ఒక్కనాడన్న చెప్పిన్రా? గీ దుమ్ము లోపలికి పోతె ఏమైతది, పోకుంట ఏం జెయ్యాలె..."

అక్కడ దగ్గొచ్చింది. అలాంటి దగ్గు నేను అంతకుముందు వినలేదు. ముందు లోపల ఎక్కడో బరువైనదేదో ఈడ్చినట్టు గరగర, తర్వాత రెండు పొడి దగ్గులు, చివర ఊపిరి అందక ఈలలాంటి చప్పుడు. వాళ్ళావిడ సిద్ధమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. మల్లప్ప మూతి తుడుచుకుని, "గా దగ్గు తీసేయుండ్రి మేడం" అన్నాడు. ఇది ఆఫీసులో తప్ప ఎవరూ వినరు, భయం లేదు అన్నాను. నిబంధన అదే కదా.

నవల

కొన్నాళ్ళకు మా కేంద్రంలో ఒక నవలను వారం వారం చదివి వినిపించడం మొదలుపెట్టారు. అప్పట్లో అది వింత. సైన్సు కథ, గూఢచారి కథ, రెండూ కలిపి. శత్రుదేశం వాళ్ళు మన రాకెట్లు తయారుచేసే చోటికి ఒక మనిషిని పంపుతారు. పైకి మనిషే గానీ లోపలంతా యంత్రం. పది అడుగుల దూరంలో ఎవరున్నా వాళ్ళ మనసులో మాట లాగేసుకుంటాడు. అయితే ఆ యంత్రానికి మన దేశపు దుమ్ము పడదు. ఆలోచన దొంగిలించే ముందు ఒకసారి దగ్గుతాడు. దగ్గు వినబడిందంటే వచ్చాడన్నమాట.

చదివేది ఒకే ఒక్క గొంతు. చప్పుళ్ళు మాత్రం ప్రభాకరం అనే ఆయన చేసేవాడు. తలుపు కిర్రుమనడం, వాన, మెట్ల మీద బూట్ల అడుగులు. మంచివాడు, పని తప్ప మరో ధ్యాస లేనివాడు. దగ్గు కోసం ఆఫీసులో అందరి చేతా దగ్గించాడు. ఒక్కటీ నచ్చలేదు. చివరికి నేను తెచ్చిన టేపులు వింటుంటే మల్లప్ప తగిలాడు. ఆ దగ్గు ఒక్కటీ కోసి తీసుకుని, ముందు మాటలున్న ముక్కను చెత్తబుట్టలో వేశాడు. బండలు కొట్టేవాళ్ళకు ఒక్కనాడన్నా చెప్పారా అన్న మాట బుట్టలోకి పోయింది, దగ్గు రేడియోలోకి ఎక్కింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడగాలని వాళ్ళకు తోచనే లేదు.

జనం ఆ నవల మీద పడిపోయారు. వికారాబాద్ స్టేషన్లో ఒక టికెట్ కలెక్టర్ నన్ను పట్టుకుని, "గూఢచారి అంతదూరం రైల్లో వచ్చిండు గద, టికెట్ ఎవరు చూసిన్రు? మా డిపార్టుమెంటును బద్నాం చేస్తున్నరు" అని పోట్లాడాడు. రిటైరైన సైన్సు మాస్టారొకాయన, బ్యాటరీ లేకుండా యంత్రం ఎలా నడుస్తుందని నిలదీశాడు. పెద్దేముల్‌లో కూలికి పోయే ఆడవాళ్ళు పంచాయతీ రేడియో దగ్గర కూర్చుని వినేవాళ్ళు. అందులో ఒక ముసలమ్మ, "వానికి తల్లి లేదా బిడ్డా? ఉంటె గట్ల దగ్గుతుంటె ఊకుంటదా?" అంది. దౌల్తాబాద్ వైపు గొర్రెలు కాసే ఒకాయన మాత్రం, "మనసుల మాట తెల్సుకునుడు పెద్ద పనా? మా గొర్లు దినాం తెల్సుకుంటయి" అని కొట్టిపారేశాడు. ఇవన్నీ రాసుకుంటూ నేను తెగ సంబరపడ్డాను. వింటే కదా ఇన్ని మాటలొస్తాయి. ఏది బాగా గుర్తుంది అంటే అందరూ ఒకటే చెప్పారు, దగ్గు. పిల్లలు దాన్ని అనుకరించేవాళ్ళు.

ఆ వారాల్లో నేను ఒక్క ప్రసారమూ వినలేదు, తిరుగుళ్ళలోనే ఉన్నాను. దగ్గు ఎవరిదో నాకు తెలియదు. తాండూర్ పోయేదాకా.

ఖాదర్ భాయ్ హోటల్

తాండూర్‌లో గనులకు పోయే దారిలో ఖాదర్ భాయ్ చాయ్ హోటల్ ఉండేది. ఆయన రేడియో చుట్టూ సాయంత్రం యాభై మంది చేరేవాళ్ళు. నేను పోయినరోజే నవల వచ్చే రోజు. గూఢచారి ల్యాబు గుమ్మంలోకి వచ్చాడు. అప్పుడు వినబడింది ఆ గరగర, రెండు పొడి దగ్గులు, ఈల.

హోటలంతా ఒక్కసారి, "మల్లప్ప వచ్చిండు" అని గొల్లుమంది.

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అలాగే పట్టుకుని ఖాదర్ భాయ్ వైపు తిరిగాను.

"మా బస్తీ మనిషే మేడం" అన్నాడు ఖాదర్ భాయ్ గొప్పగా. "పాకిట్లు, డబ్బాలు అన్ని బొంబై నుంచి వస్తయి, గూఢచారి మాత్రం మా తాండూర్ నుంచి పోయిండు." మళ్ళీ ఆయనే గొంతు తగ్గించి, "గరీబోడు జర పరేషాన్ల ఉన్నడు. పని నుంచి తీసేసిన్రు" అన్నాడు.

బస్తీకి పోయాను. మల్లప్ప గడపలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. సిద్ధమ్మే మాట్లాడింది.

"దగ్గెటోన్ని గనిల ఉండనియ్యరు. టీబీ అంటరు, అందరికి అంటుతదంటరు. ఈయన నాలుగేండ్ల సంది దాచిండు. ఎట్ల దాచిండో అడుగుండ్రి."

మల్లప్ప చెప్పాడు. బండను చీల్చేటప్పుడు ఆరుగురు వరసగా నిలబడి ఒకేసారి సమ్మెటలు ఎత్తి వేస్తారు. దెబ్బ పడేటప్పుడు అందరూ గట్టిగా "హుం" అంటారు. మల్లప్ప ఆ దెబ్బలోనే దగ్గేవాడు. దగ్గు వస్తున్నా ఆపుకుని, సమ్మెట లేచేదాకా ఉండి, పడేటప్పుడు వదిలేవాడు. పక్కనున్న వాళ్ళకు తెలుసు. వాళ్ళు మరింత గట్టిగా అరిచి కప్పేసేవాళ్ళు. వాళ్ళకూ రేపు అదే గతి అని తెలుసు.

"మేస్త్రి చెవుల నా దగ్గు ఎన్నడు పడలే" అన్నాడు. "రేడియోల పడ్డది, హోటల్ల అందరు నా పేరే అన్నరు. మొదట నవ్విండు. రెండో వారం సేటు ముంగట నిలబెట్టి, వీడేనయ్య అని చూపెట్టిండు. ఎక్స్‌రే కాయిదం తెస్తెనే పని అన్నడు. తీపిస్తె ఏమొస్తదో నాకు ఎరుకే."

"నాకు తెలియదు మల్లప్పా. నేను ఆఫీసులోనే వింటారని చెప్పింది అబద్ధం కాదు" అన్నాను.

"నిన్ను అంటలేను చెల్లె. ఒక్క పని జెయ్యి. గా దగ్గు నాది కాదని రేడియోల చెప్పియ్యి. ఎవలో నాటకాలోడు దగ్గిండని చెప్పియ్యి. రేడియోల చెప్తె సర్కారు చెప్పినట్టే. మేస్త్రి నోరు మూతపడ్తది."

ఆఫీసరు గారు

మా ఆఫీసరు గారు చెడ్డవాడేం కాదు. పుస్తకాలు చదివినవాడు, మర్యాదస్థుడు. ఉత్తరాల కట్టలు బల్ల మీద దొంతరగా పెట్టుకుని, వచ్చినవాళ్ళకు చూపించేవాడు. నేను విషయం చెప్పాను. సాంతం విన్నాడు.

"అమ్మా, నవలకు ప్రాణం ఆ దగ్గు. అది నటుడు చేశాడని చెప్తే భయం పోతుంది. వినేవాడికి ఎవరు దగ్గుతున్నారో తెలియకూడదు."

"తాండూర్‌లో అందరికీ తెలుసండీ. అందుకే పని పోయింది."

"తాండూర్ ఒక్కటేనా మన శ్రోతలు?"

ఒళ్ళు మండిపోయింది. తాండూర్ పోయి రమ్మని నన్ను పంపింది ఎందుకు మరి? చెరుగుదామనుకున్నాను గానీ, చెరిగితే మల్లప్పకు ఒరిగేదేం లేదని నోరు నొక్కుకున్నాను. ప్రభాకరం దగ్గరికి పోయాను. విని తెల్లబోయాడు. "దగ్గుకు కూడా మనిషి ఉంటాడని అనుకోలేదండీ" అన్నాడు. ఈ మాట కొత్తగా చేరేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఆయన దుర్మార్గుడై అలా అనలేదు. రోజంతా చప్పుళ్ళ మధ్య కూర్చునేవాడికి అలాగే అనిపిస్తుంది. రేపు మీకూ అనిపిస్తుంది.

చివరికి ఆఫీసరు గారి ఉత్తరాల పిచ్చినే పట్టుకున్నాను. గూఢచారిగా దగ్గేది ఎవరు, ఆయన పేరు చెప్పండి అని నిజంగానే చాలామంది రాశారు. అవన్నీ ఏరి ఒక కట్ట కట్టి బల్ల మీద పెట్టాను. శ్రోతలు కోరుతున్నారండీ అన్నాను. ఆ ఒక్క మాటకు ఆయన కరిగాడు. నటుణ్ణి ఎవర్ని చెప్పాలని తర్జనభర్జన పడుతుంటే ప్రభాకరం, "నా పేరు చెప్పండి" అన్నాడు.

ఆ వారం నవల అయిపోగానే చదివారు. గూఢచారి దగ్గు వినిపించినవారు ప్రభాకరం అని. తర్వాత ప్రతివారం చదివారు. పాపం ఆయనకు అభినందనలు వచ్చిపడ్డాయి. ఆ ఉత్తరాలు విప్పేవాడు కాదు.

పని దొరికింది

మళ్ళీ తాండూర్ పోయేసరికి మల్లప్ప పనిలో ఉన్నాడు. మేస్త్రి హోటల్లో అందరిముందూ, "నేను ముందే అన్న, అది మనోని దగ్గు కాదని" అన్నాడట. మల్లప్ప నన్ను చూసి చేతులెత్తి దండం పెట్టాడు. సిద్ధమ్మ జొన్నరొట్టెలు కాల్చి, తినేదాకా కదలనివ్వలేదు. నాకు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక మనిషికి పనికొచ్చాననిపించింది.

తిన్నాక, "ఇప్పుడైనా అనంతగిరి టీబీ దవాఖానకు పొండి. అక్కడ మంచి డాక్టర్లున్నారు. అది టీబీనో, దుమ్ము వల్లనో చెప్తారు, మందిస్తారు" అన్నాను.

మల్లప్ప నవ్వాడు. "దవాఖాన్ల జేరితె మేస్త్రికి తెల్వదా? రేడియోల లేదని చెప్పినంక ఇంక నాకు దగ్గు ఎట్లుంటది చెల్లె?"

సిద్ధమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. కూర్చున్నంతసేపూ ఆయన ఒక్కసారి దగ్గలేదు. నుదుటి మీద చెమట మాత్రం ధారగా కారుతోంది. ఎండాకాలం కాదు.

శ్రోతల కోరికపై

మరుసటి ఏడు నవలను మళ్ళీ మొదటినుంచి వేశారు. శ్రోతల కోరికపై అని చెప్పి వేశారు. రెండోసారి విన్నవాళ్ళు ఏమంటున్నారో చూసి రమ్మని నన్నే పంపారు. మనవరాలు నాతో గొప్పగా చెప్పింది, ఒక నవలను జనం మళ్ళీ మళ్ళీ వింటున్నారంటే దాన్ని మించిన అభిప్రాయం లేదని. మేమూ అదే అనుకునేవాళ్ళం.

ఖాదర్ భాయ్ హోటల్ ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. సిద్ధమ్మ లోపలికి రాకుండా బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నుదుట బొట్టు లేదు. నేను దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"ఎప్పుడు?"

"చలికాలం పోయిండు. గనిలనే. సమ్మెట ఎత్తిండు, దించలే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు, నన్నే ఊరుకోబెట్టింది. తర్వాత తనే మెల్లగా చెప్పింది.

"రేడియోల చెప్పినంక ఇంట్ల గూడ దగ్గలే. పక్కింటోళ్లు ఇంటరని. గోడలు అంటుకునే ఉంటయి గద మావి. తువ్వాల నోట్లె కుక్కుకొని పండెటోడు. ఎప్పుడన్న ఇంక ఆగదనుకుంటె లేచి రాళ్ల కుప్పల దిక్కు పోయెటోడు. మంచిగైందేమో అనుకున్న. నాకు గూడ ఇననియ్యలే."

ఆయనకు ఉద్యోగం తిరిగి ఇప్పించినందుకు నేను పశ్చాత్తాపపడుతున్నానా అని చాలాసార్లు ఆలోచించాను. లేదు. ఆయన అడిగింది అదొక్కటే, ఇంకేమీ అడగలేదు. మళ్ళీ అడిగినా అదే చేస్తాను. నాకు కోపం ఆ గనిమీద, దగ్గితే మనిషిని అవతల పారేసే పద్ధతి మీద. దాన్ని గురించి ఒక్క కార్యక్రమం చేయండని ఆఫీసులో చెప్పినప్పుడల్లా, శ్రోతలెవరూ కోరలేదు కదా అనేవాళ్ళు. కోరినవాడి మాట మేమే చెత్తబుట్టలో వేశామని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

లోపల నవల మొదలైంది. సిద్ధమ్మ నా చెయ్యి వదిలి కిటికీ దగ్గరకు జరిగింది. గూఢచారి మెట్లెక్కుతున్నాడు. గరగర, రెండు పొడి దగ్గులు, ఈల. ఈసారి ఎవరూ మల్లప్ప పేరెత్తలేదు. ఎవరో, "ప్రభాకరం మస్తు దగ్గుతడు" అన్నారు. సిద్ధమ్మ వాళ్ళ వంక చూడలేదు. కిటికీ చువ్వ పట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నది.

"ప్రతి వారం వస్తున్నావా?" అన్నాను.

తల ఊపింది. "ఇంకెన్ని వారాలున్నది కథ?"

"మూడు."

"తర్వాత?"

"తర్వాత వేరే నవల వస్తుంది."

ఆ వారం భాగం అయిపోయి, హోటల్లో జనం లేచి కదలడం మొదలుపెట్టాక అడిగింది.

"అండ్ల దగ్గు ఉంటదా?"

ఉండదని చెప్పాను.